కాయ కదిపే ముందు చెప్పు

డిసెంబరులో అండమాన్‌లోని బతు బస్తీలో అయిదు కొట్టేసరికి పొద్దు వాలిపోతుంది. గడియారం మెయిన్‌లాండ్‌ది, సూర్యుడు మాత్రం దీవులవాడు. హైదరాబాదులో పిల్లలు ఇంకా ఎండలో క్రికెట్ ఆడుతుంటే ఇక్కడ వీధి లైట్లు వెలిగిపోతాయి. మిగతా నెలల్లో చాలావరకు వాన. మేలో మొదలైన నైరుతి వెళ్ళీ వెళ్ళకుండానే ఈశాన్యం అందుకుంటుంది. ఏడాది మొత్తం మీద మూడువేల మిల్లీమీటర్ల దాకా కురుస్తుంది. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలున్న ఇళ్ళలో చీకటి పడ్డాక, వాన పట్టాక వినిపించే మాట ఒకటే: "అమ్మా, ఫోనియ్యవే."

ఫోను ఇవ్వాలా వద్దా అన్న తగువులోకి నేను పోను. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలు రోజుకు గంటకు మించి తెర ముందు కూర్చోకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మనకు కావలసింది ఆ ఫోను తీసుకున్నాక చేతిలో ఏం పెట్టాలన్నది. పిల్లల బుర్ర ఎదగాలంటే ఏ బొమ్మ కొనాలి, ఏ కిట్టు తెప్పించాలి అని అడిగే తల్లిదండ్రులకు చెప్పేదేమిటంటే, దాదాపు ఏమీ కొనక్కర్లేదు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్ళు నూటికి 13 మంది పైనే. వాళ్ళలో చాలామంది మూలాలు ఉత్తరాంధ్ర తీరంలో ఉన్నాయి. అష్టాచమ్మా, పులి–మేక, వామనగుంతలు తెలిసిన నానమ్మో తాతో ఇంట్లో లేకపోతే పక్కింట్లో ఉంటారు.

అయితే ఆటలన్నీ బుర్రకు పదును పెడతాయని అంటుంటారు, ఆ మాట అంత తేలిగ్గా ఒప్పుకోలేను. వైకుంఠపాళి గంటసేపు ఆడినా పిల్లవాడు ఆలోచించాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాకపోవచ్చు. పందెం పడింది, కాయ కదిలింది, పాము మింగింది, అంతే. రెండు దారులుండి ఒకటి ఎంచుకోవలసి వచ్చినప్పుడు ఆలోచన మొదలవుతుంది. ఎంచుకునే ముందు "ఇలా చేస్తే ఇలా అవుతుంది" అని పైకి చెప్పి, చేసి, చెప్పిందే జరిగిందో లేదో చూసుకుంటే ఆ ఆలోచన గట్టిపడుతుంది. కింద ఏ ఆట గురించి చెప్పినా నా కొలత అదే.

బాగా చిన్నవాళ్ళతో, అంటే నాలుగైదేళ్ళ వాళ్ళతో, గళ్ళూ పందేలూ మొదలుపెట్టనక్కర్లేదు. వంటింట్లో పొట్టి లోటా ఒకటి, సన్నగా పొడుగ్గా ఉన్న సీసా ఒకటి తీసుకోండి. లోటాలో నీళ్ళు పోసి, "ఇవి సీసాలో పోస్తే ఎందాకా వస్తాయి? వేలు పెట్టి చూపించు" అని అడగండి. చూపించిన చోట రబ్బరు బ్యాండు వేసి, అప్పుడు పొయ్యండి. నీళ్ళు ఆ గుర్తు దాటి పైకి వస్తే పిల్లల మొహం చూడాలి. తర్వాత ఇంకో ప్రశ్న: "ఇప్పుడు నీళ్ళు ఎక్కువయ్యాయా, తక్కువయ్యాయా, అన్నే ఉన్నాయా?" అయిదేళ్ళవాడు చాలావరకు ఎక్కువయ్యాయనే అంటాడు. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాఁ పియాజే ఈ సంగతినే పరీక్షించి లోకానికి చాటాడు. ఆరేడేళ్ళు వచ్చేదాకా పిల్లలు ఎత్తు ఒక్కటే చూస్తారు, వెడల్పు తగ్గిందన్నది లెక్కలోకి తీసుకోరు. ఇక్కడ పెద్దవాళ్ళు చేసే పొరపాటు ఏమిటంటే, "కాదురా, అన్నే ఉన్నాయి" అని వెంటనే చెప్పెయ్యడం. చెప్తే వాడు తలూపుతాడు, నమ్మడు. నీళ్ళు తిరిగి లోటాలో పొయ్యండి, అంతకుముందు ఉన్నంతే ఉన్నాయని వాణ్ణే చూడనివ్వండి, ఊరుకోండి. రెండు నెలల తర్వాత మళ్ళీ ఆడితే జవాబు మారుతుందో లేదో చూడొచ్చు.

ఈ వయసుకే పనికొచ్చే ఇంకోటి, వేరు చేసే ఆట. జంగ్లీఘాట్ రేవు నుంచి చేపలు తెచ్చిన రోజు, కూరగాయల సంచి విప్పిన రోజు, ఉతికిన బట్టలు మడతపెట్టే వేళ, ఎప్పుడైనా సరే. ముందు రంగును బట్టి రెండు కుప్పలు పెట్టమనండి. అవే వస్తువులను కలిపేసి, ఈసారి పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు అనండి. మొదటిసారి చేసింది తేలిక, రెండోసారి చేసేదే అసలు పరీక్ష. మనస్తత్వవేత్త ఫిలిప్ జెలాజో, ఆయన సహచరులు ఇలాంటి కార్డులతోనే మూడేళ్ళ పిల్లలను పరీక్షించారు. కొత్త సూత్రం ఏమిటో నోటితో సరిగ్గా చెబుతూనే, చేత్తో మాత్రం పాత సూత్రం ప్రకారమే సర్దేస్తారని తేలింది. అయిదేళ్ళు వచ్చేసరికి ఎక్కువమంది మారగలుగుతారు. పట్టుకున్న సూత్రాన్ని వదిలి ఇంకోటి పట్టుకోవడం పెద్దవాళ్ళలోనే కొందరికి రాదు, అది వేరే సంగతి. కాస్త అలవాటయ్యాక ఆటను తిరగెయ్యండి. మీరు మనసులో ఒక సూత్రం అనుకుని వస్తువులను రెండు కుప్పలుగా పెడుతూ పోండి. అయిదారు పెట్టాక కొత్త వస్తువు ఒకటి చూపించి, "ఇది ఎటు పోతుంది?" అనండి. జవాబు సరైనదైనా కాకపోయినా "ఎందుకు అటు?" అనడం మరిచిపోవద్దు.

అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ పని చేసే ఆట ఏదంటే, "అనుకున్నది కనుక్కో" అంటాను. పళ్ళెంలో పదహారు వస్తువులు పెట్టండి. ఎనిమిది తినేవి: ఉల్లిపాయ, వెల్లుల్లి, బంగాళాదుంప, అల్లం, నిమ్మకాయ, ఎండుమిరపకాయ, కొబ్బరిముక్క, చింతపండు. ఎనిమిది తిననివి: చెంచా, గరిటె, గ్లాసు, తాళంచెవి, దువ్వెన, సబ్బు, పెన్సిలు, టార్చిలైటు. ఒకరు మనసులో ఒకటి అనుకుంటారు. రెండోవాళ్ళు ప్రశ్నలు వేసి కనుక్కోవాలి. జవాబు "అవును", "కాదు" తప్ప ఇంకేమీ చెప్పకూడదు.

ఆరేళ్ళ గుంటడు మొదలుపెడితే ఇలా ఉంటుంది:

"చెంచానా?"

"కాదు."

"సబ్బా?"

"కాదు."

"టార్చిలైటు! టార్చిలైటే కదా నానమ్మా!"

"కాదురా నాయనా."

మూడు ప్రశ్నలు అయిపోయాయి, పళ్ళెంలో ఇంకా పదమూడు ఉన్నాయి. ఇప్పుడు వంతు నానమ్మది. మనవడు అనుకున్నాడు, ఆవిడ అడుగుతోంది:

"తినేదేనా?"

"ఊఁ."

ఆవిడ తినని ఎనిమిదింటినీ తీసి పక్కన పెట్టేసింది. వాడు కళ్ళు పెద్దవి చేసి చూశాడు. అన్నీ ఒకేసారా!

"మట్టిలోపల ఊరేదా?"

"ఊఁ."

నిమ్మకాయ, మిరపకాయ, కొబ్బరి, చింతపండు కూడా పోయాయి. నాలుగే మిగిలాయి.

"పైన కాగితంలాంటి పొర ఉంటుందా?"

బంగాళాదుంప, అల్లం పోయాయి.

"పాయలు పాయలుగా విడిపోతుందా?"

"నీకెలా తెలిసిపోయింది?"

నాలుగే ప్రశ్నలు. పదహారు ఎనిమిదయింది, ఎనిమిది నాలుగయింది, నాలుగు రెండు, రెండు ఒకటి. నానమ్మ చేసిన పనిని లెక్కల మాస్టారు వేరే భాషలో చెబుతారు గానీ, పని అదే. 1966లో మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ బృందంలోని మోషర్, హార్న్స్‌బీ 42 బొమ్మలతో ఇదే ఆట ఆడించి చూశారు. ఆరేళ్ళ వాళ్ళు దాదాపు అందరూ ఒక్కొక్క బొమ్మనే పేరు పెట్టి అడుగుతారు. ఎనిమిదేళ్ళ నుంచి గుంపును గుంపుగా తీసేసే ప్రశ్నలు మొదలవుతాయి, పదకొండేళ్ళకు అవే ఎక్కువవుతాయి. ఈ మార్పు వయసుతో వస్తుందని ఊరుకోవచ్చు. కానీ నానమ్మ వస్తువులను చేత్తో తీసి పక్కన పెట్టడం చూసిన పిల్లవాడికి, ప్రశ్న అంటే ఊహించడం ఒక్కటే కాదని కంటికి కనబడుతుంది. చెప్పి చూపించలేనిది అది. ఆవిడ తన ప్రశ్న వేసే ముందు, "ఇది అడిగితే నాకు ఎన్ని పోతాయో చెప్పు?" అని వాణ్ణే అడిగిందనుకోండి, ఆట ఇంకో మెట్టు ఎక్కుతుంది.

ఇక గళ్ళ ఆటలు. అష్టాచమ్మాకు అయిదు అడ్డం, అయిదు నిలువు, మొత్తం 25 గళ్ళు. బయటి వరసలో పదహారు, లోపలి వరసలో ఎనిమిది, నడుమ పండే గడి ఒకటి. నాలుగు గవ్వలు వెయ్యాలి. గవ్వలంటే దీవుల్లో ఉన్నాం కదా, తీరానికి పోయి ఏరుకొద్దాం అనిపిస్తుంది. ఆగండి. శంఖాలు, గవ్వల్లో కొన్ని రకాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి. ఏది ఉందో ఏది లేదో పిల్లలతో కూర్చుని తేల్చుకునే కన్నా చింతపిక్కలు మేలు. నాలుగు పిక్కలను గచ్చు మీద ఒకవైపే అరగదీస్తే తెల్లటి పప్పు కనబడుతుంది. తెలుపు పైకి పడ్డవి లెక్కపెట్టాలి. ఒకటి, రెండు, మూడు; నాలుగూ తెలుపైతే చమ్మా, అంటే నాలుగు; నాలుగూ నలుపైతే అష్టా, అంటే ఎనిమిది. చమ్మా, అష్టా పడితే ఇంకో పందెం. అరగదీసే పనే పిల్లలకు ఒక సాయంత్రం ఆట. మూడేళ్ళ లోపు పిల్లలు ఇంట్లో ఉంటే మాత్రం పిక్కలు లెక్కబెట్టి డబ్బాలో పెట్టి మూత వెయ్యాలి. నోట్లో, ముక్కులో పెట్టుకునే వయసది.

ఈ ఆటలో అదృష్టం ఎంత, ఆలోచన ఎంత? పందెం అదృష్టం. ఏ కాయ కదపాలన్నది ఆలోచన. పిల్లవాడి కాయలు రెండు ఉన్నాయనుకోండి. ఒకదానికి రెండు గళ్ళ వెనక మీ కాయ ఉంది. ఇంకోదానికి అయిదు గళ్ళ వెనక ఉంది. "ఏది ఎక్కువ ప్రమాదంలో ఉంది?" అని అడగండి. చిన్నవాళ్ళు "దగ్గరున్నది" అంటారు, బావుంది, ఆ జవాబు సరైనదే. "ఎందుకు?" అన్నప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. "దగ్గరుంది కాబట్టి" అన్నవాడు ఇంకా దూరమే చూస్తున్నాడు. "ఈ ఆటలో అయిదు పడదు కదా!" అన్నవాడు పందేలను చూస్తున్నాడు. ఏడేళ్ళు దాటినవాడితో ఇంకా ముందుకు పోవచ్చు: "నిజంగా పడదా? చమ్మా పడి, మళ్ళీ వేస్తే ఒకటి పడితే?" అప్పుడు వాడు కాసేపు మాట్లాడడు. ఆ నిశ్శబ్దాన్ని చెడగొట్టకండి.

పెద్దవాళ్ళ కోసం లెక్క చెబుతాను. పిక్క రెండువైపులా సమానంగా పడుతుందనుకుంటే నాలుగు పిక్కలు పడే తీరులు పదహారు. అందులో ఒకటి పడేవి నాలుగు, రెండు పడేవి ఆరు, మూడు పడేవి నాలుగు, చమ్మా ఒక్కటి, అష్టా ఒక్కటి. కాబట్టి రెండు గళ్ళ దూరంలోని కాయ పోయే అవకాశం 64లో 24. అయిదు గళ్ళ దూరంలోని కాయ పోవాలంటే ముందు చమ్మా, ఆ వెంటనే ఒకటి పడాలి, 64లో 1. పిల్లలకు ఈ అంకెలు చెప్పవద్దు. దాని బదులు పాత క్యాలెండరు వెనక అయిదు గళ్ళు గీసి, ఏ పందెం పడితే ఆ గడిలో ఒక గీత పెట్టమనండి. రెండు మూడు రోజుల ఆటలయ్యేసరికి "రెండు" గడిలో గీతలు పెరిగిపోయి, చమ్మా అష్టా గళ్ళు వెలితిగా ఉంటాయి. ఎందుకలా అని వాళ్ళే అడుగుతారు. అరగదీసిన పిక్కలు కొన్ని ఒకవైపే ఎక్కువ పడతాయి, అప్పుడు గీతల లెక్క మారిపోతుంది, ఆ దొంగపిక్క ఏదో పట్టుకోవడం ఇంకో ఆట.

వైకుంఠపాళిని మొదట్లో చిన్నచూపు చూశాను కాబట్టి దానికి రెండు మరమ్మతులు చెప్పాలి. నూరు గళ్ళ పాములు–నిచ్చెనల పటానికీ ఇవే వర్తిస్తాయి. ఒకటి, కాయ కదిపేటప్పుడు లెక్క. పదిహేడో గడిలో ఉండి మూడు పడితే పిల్లలు "ఒకటి, రెండు, మూడు" అని కదుపుతారు. అలా కాకుండా "పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై" అని గడి అంకె చదువుతూ కదపమనాలి. ఎలిడా లాస్కీ, రాబర్ట్ సీగ్లర్ 2014లో ప్రచురించిన పరిశోధనలో, ఇలా గడి అంకె చెబుతూ ఆడిన పిల్లలకే అంకెల పరిమాణం మీద పట్టు బాగా పెరిగింది. ఆట అదే, పటం అదే, నోట్లో మాట ఒక్కటే మారింది. రెండోది నా సొంత సవరణ: పాచికలు రెండు వెయ్యండి, అందులో ఏదో ఒకటే వాడుకోవచ్చనండి. ఇప్పుడు పాము దగ్గర దిగాలా, నిచ్చెన దగ్గరికి చేరాలా అన్నది పిల్లవాడి చేతిలోకి వచ్చింది. ఎంపిక వచ్చింది కాబట్టి ఆలోచనా వస్తుంది.

వీటన్నిటిలో నాకు అభిమానం పులి–మేక మీద. హంపీ శిథిలాల్లో రాతి గచ్చు మీద చెక్కిన ఆటల గీతలు ఇవాళ్టికీ కనబడతాయి. బతు బస్తీలో సిమెంటు గచ్చు మీద సుద్దముక్క చాలు. పైన కొన, అక్కడి నుంచి కిందికి నాలుగు గీతలు, అడ్డంగా మూడు పొడుగు గీతలు, వాటి రెండు చివరలనూ కలుపుతూ పెట్టె, అన్నిటికీ అడుగున ఇంకో అడ్డగీత. గీతలు కలిసే చుక్కలు కొనలో ఒకటి, మూడు అడ్డగీతల మీద ఆరేసి, అడుగున నాలుగు, మొత్తం 23. పులులు మూడు, మేకలు పదిహేను. దీవుల్లో వక్కలకూ కొబ్బరికీ కొదవ లేదు. పులికి వక్క, మేకకు కొబ్బరిచిప్ప పెంకు.

పులులు పటం మీద ఉంటాయి. మేకలవాడు ఒక్కొక్క మేకనూ ఖాళీ చుక్క మీద పెడుతూ వస్తాడు. మేకలన్నీ దిగేదాకా ఏ మేకా కదలకూడదు. పులి గీత వెంట ఒక చుక్క కదలొచ్చు, లేదా పక్కనున్న మేక మీదుగా అవతలి ఖాళీ చుక్కకు దూకి ఆ మేకను చంపొచ్చు. మేకలకు చంపే శక్తి లేదు. వాటికున్నది సంఖ్య. పులులు ఎటూ కదలలేకుండా దారులన్నీ మూస్తే మేకలు గెలుస్తాయి. ఎన్ని మేకలు చస్తే పులులు గెలిచినట్టన్నది ఊరికో రకం, ఆట మొదలుపెట్టే ముందే ఒప్పందం చేసుకోవాలి.

ఆరేడేళ్ళవాడు మొదట మేకలను పులికి దూరంగా, ఎక్కడెక్కడో విడివిడిగా పెడతాడు. దూరంగా ఉంటే క్షేమం అన్నది వాడి సూత్రం. పులి రెండు అంగల్లో వచ్చి ఒక్కోదాన్నీ ఎగరేసుకుపోతుంది. అప్పుడు తాత ఇలా అనొచ్చు:

"ఈ మేక ఎందుకు చచ్చింది?"

"నీ పులి వచ్చింది కాబట్టి."

"పులి ఈ మేక పక్కకి కూడా వచ్చింది కదా. ఇదెందుకు చావలేదు?"

పిల్లవాడు పటం వైపు చూస్తాడు. ఆ చావని మేక వెనక ఇంకో మేక ఉంది. పులి దూకి దిగడానికి ఖాళీ లేదు. "దీని వెనకాల ఇంకోటి ఉంది తాతా!" అన్న మాట వాడి నోటి నుంచి రావాలి. వచ్చేదాకా తాత నోరు విప్పకూడదు, అది తాతలకు కష్టమే. ఆ ఒక్క గమనింపుతో ఆట మారిపోతుంది. మేకలు జతలుగా దిగడం మొదలవుతుంది. కొన్నాళ్ళకు రెండో సంగతి పట్టుకుంటాడు, గీత చివర కూర్చున్న మేక మీదుగా ఆ గీత వెంట పులి దూకలేదని. మూడోది ఇంకా ఆలస్యంగా వస్తుంది: ఒక మేకను కావాలని ఎరగా పెట్టి, పులి అక్కడికి దూకాక వెనక దారి మూసెయ్యొచ్చని. ఎర పెట్టడమంటే ఎదుటివాడు ఏం కోరుకుంటాడో, ఏం చూడడో వాడి కళ్ళతో చూడగలగడం. ఎనిమిదేళ్ళవాడు దాన్ని కనిపెట్టిన రోజు ఇంట్లో ఎవరికీ తోచనివ్వడు.

పులులూ మేకలూ సమానమైన బలగాలు కావు, అందుకే ఈ ఆటకు చదరంగంలో లేని సుగుణం ఒకటి ఉంది. ఒక ఆట పులులుగా, ఇంకో ఆట మేకలుగా ఆడితే ఒకే పటం రెండు రకాలుగా కనబడుతుంది. తప్పకుండా వైపులు మార్చుకోండి. మేకలుగా ఆడుతున్నప్పుడు, కాయ పెట్టే ముందు "నువ్వే పులివైతే ఇప్పుడు ఎటు పోతావు?" అన్న ప్రశ్న ఒక్కటి చాలు. అయిదేళ్ళవాళ్ళకు పదిహేను మేకలు ఎక్కువ. ఒక పులి, అయిదారు మేకలు పెట్టి కదలడం, దూకడం అలవాటు చేస్తే చాలు, గెలుపోటముల సంగతి తర్వాత.

వామనగుంతల పీట ఉన్న ఇళ్ళు తగ్గిపోయాయి. గుడ్ల అట్టలు రెండు కత్తిరించి పెట్టుకున్నా వరసకు ఏడు చొప్పున పద్నాలుగు గుంతలవుతాయి. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: చేతిలోకి గింజలు తీసుకునే ముందు, "ఆఖరి గింజ ఏ గుంతలో పడుతుంది?" మూడో గుంతలోని అయిదు గింజలు తీసి పంచితే ఆఖరిది ఎనిమిదో గుంతలో పడుతుంది. మొదట్లో వేలు పెట్టి లెక్కపెట్టుకుంటారు, తర్వాత కళ్ళతో, ఆ తర్వాత చూడకుండానే. దాడి ఆట కూడా ఇలాంటిదే, మూడు కాయలు వరసలో పడకుండా అడ్డుకోవడం, తనవి పడేలా చూసుకోవడం. ఎనిమిదేళ్ళు దాటాక బావుంటుంది.

ఇంత చెప్పాక, ఆటలతో నిజంగా లాభం ఉందా అని అడిగే హక్కు చదివేవాళ్ళకుంది. ఉంది, కానీ హద్దుల్లో. అమెరికాలో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ 2008లో ప్రచురించిన అధ్యయనంలో, పేద కుటుంబాల నర్సరీ వయసు పిల్లలు ఒకటి నుంచి పది దాకా అంకెలు వరసగా రాసిన పట్టీ మీద ఆడారు. రెండు వారాల్లో నాలుగే నాలుగు సార్లు, సారికి పావుగంటో ఇరవై నిమిషాలో. అంకెలు గుర్తించడం, ఏది పెద్దదో చెప్పడం మెరుగైంది, తొమ్మిది వారాల తర్వాతా ఆ మెరుగు నిలిచింది. అంకెలకు బదులు రంగుల గళ్ళ మీద ఆడినవాళ్ళలో అది రాలేదు.

మన దేశంలో జరిగిన పెద్ద ప్రయోగం ఇంకో కబురు చెబుతుంది. ఢిల్లీలో ప్రథమ్ సంస్థ నడిపే 214 పూర్వ ప్రాథమిక బడుల్లో 1,540 మంది పిల్లలతో మోయిరా డిల్లన్, హరిణి కణ్ణన్, ఎలిజబెత్ స్పెల్కీ, ఎస్తర్ డుఫ్లో తదితరులు లెక్కల ఆటలను పరీక్షించారు. 2017లో ఫలితాలు వచ్చాయి. ఏ గుంపులో ఎక్కువ చుక్కలున్నాయి, ఏ ఆకారం తేడాగా ఉంది అని చూపుతో పట్టే నేర్పు పెరిగింది, ఏడాది దాటినా నిలిచింది. కానీ ఒకటో తరగతి లెక్కలకు అది అక్కరకు రాలేదు. ఆటలో నేర్చింది ఆటలోనే ఉండిపోయింది. 2025లో అభిజిత్ బెనర్జీ, డుఫ్లో బృందం ప్రచురించిన ఇంకో పరిశోధన అటువైపు నుంచీ ఇదే చూపింది: కోల్‌కతా, ఢిల్లీ సంతల్లో కూరగాయలమ్మే పిల్లలు బేరాల లెక్కలు నోటితో చకచకా కట్టేస్తారు, అవే బడి పుస్తకంలోలా రాసిస్తే తడబడతారు.

అందుకే క్యాలెండరు వెనక గీతలు పెట్టమన్నాను, గడి అంకె చదవమన్నాను, "ఎందుకు" అని ప్రతిసారీ అడగమన్నాను. ఆటలో చేతికి తెలిసినదాన్ని మాటలోకి, కాగితం మీదికి తెచ్చే పని ఎవరో ఒకరు చెయ్యాలి. బడి చేస్తుందని కూర్చోవద్దు, అలాగని బడిని తీసిపారెయ్యనూ వద్దు. 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఆటతోనే చదువు అంటోంది. 2023 ఫిబ్రవరిలో ఎన్‌సీఈఆర్‌టీ ఆ వయసువాళ్ళ కోసం బొమ్మలు, పజిల్సు, కథల కార్డులతో "జాదూయీ పిటారా" అనే పెట్టెనే విడుదల చేసింది. మీ పిల్లల అంగన్‌వాడీలోనో బడిలోనో అది ఉందేమో అడగండి. ఉంటే తాళం వేసి బీరువాలో పెట్టకుండా వాడమనండి.

భాష గురించి బతు బస్తీ తల్లులకు ఒక బెంగ ఉంటుంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు, మధ్యలో బెంగాలీ, తమిళం పిల్లలతో స్నేహం. ఆట ఏ భాషలో ఆడించాలి? మీకు ధారాళంగా కారణాలు చెప్పడం ఏ భాషలో వస్తే ఆ భాషలో. ఆలోచనను వివరించడానికి తడుముకోని భాష కావాలి. పక్కింటి పిల్లలు వచ్చి పులిని షేర్ అంటే అననివ్వండి, మేక వెనక ఖాళీ ఉంటే ఆ షేర్ కూడా దూకుతుంది.

అడిగాక ఆగడం గురించి ఒక మాట. మేరీ బడ్ రో అనే అమెరికా విద్యావేత్త 1970ల్లో తరగతి గదులను గమనిస్తే, టీచర్లు ప్రశ్న వేసి సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, కారణాలు చెప్పడం పెరిగింది. ఇంట్లో మనం టీచర్లకన్నా తొందరమనుషులం. పొయ్యి మీద కూర ఉన్నప్పుడు ఆట మొదలుపెట్టకపోవడమే నయం. రోజుకు ఒక ఆట, ఇరవై నిమిషాలు. ఆటలో ప్రశ్నలు రెండో మూడో, అంతకు మించితే అది ఆట కాదు, ట్యూషన్ అవుతుంది. పిల్లలు ఆ వాసన ఇట్టే పట్టేస్తారు.

ఓడిపోయి ఏడిస్తే ఏం చెయ్యాలన్నది అందరూ అడిగేదే. కావాలని ప్రతిసారీ ఓడిపోవడం నాకు నచ్చదు. ఏడేళ్ళవాడికి అది తెలిసిపోతుంది, తెలిశాక వాడి గెలుపుకు విలువ ఉండదు. దానికన్నా ముందే బాహాటంగా మీ బలం తగ్గించుకోండి: "నేను రెండు పులులతోనే ఆడతాను." మధ్యలో తొండి చేస్తే కసరకుండా, "ఈ రూలు మారుద్దామా? మారిస్తే ఇద్దరికీ మారాలి" అనండి. పియాజే 1932లో పిల్లల నైతిక తీర్పుల మీద రాసిన పుస్తకంలో గోలీలాటనే పరిశీలించాడు. చిన్నపిల్లలకు ఆట నియమాలు దేవుడు పెట్టినట్టు అనిపిస్తాయి, వాటిని అందరూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చన్న తెలివి పెద్దయ్యే కొద్దీ వస్తుంది. అష్టాచమ్మాలో "అష్టా పడితే వెనక్కి కూడా పోవచ్చు" అని మీ పిల్ల కొత్త నియమం పెడితే ఆడి చూడండి. ఆట చెడిపోతే ఎందుకు చెడిపోయిందో తనే చెబుతుంది.

ఒకే ఇంట్లో నాలుగేళ్ళదీ ఎనిమిదేళ్ళవాడూ ఉంటే ఇద్దరినీ ఒకరి మీద ఒకరిని ఆడించకండి. చిన్నదాన్ని మీ జట్టులో వేసుకోండి. పందెం వెయ్యడం, కాయ కదపడం దాని పని. ఏ కాయ అన్నది ఇద్దరూ గుసగుసలాడుకుని తేల్చుకోవాలి. అన్నయ్య వంతు వచ్చినప్పుడు, కాయ కదిపే ముందు చెల్లికి అర్థమయ్యేలా ఎందుకో చెప్పాలన్నది నియమం. చెల్లి తలూపితేనే కాయ కదులుతుంది. మొదటి రెండు రోజులు వాడు విసుక్కుంటాడు. మూడో రోజుకు పులి–మేక ఆడుతుంటే చెల్లి "అక్కడ పెడితే మా పులి తినేస్తది" అని వాడికే అడ్డు చెప్పడం మొదలుపెడుతుంది.